మీరు గెలిచారని చెప్పిందెవరు?

“అది టెంటులో కూర్చోలేదు నాన్నా. మన నెత్తి మీదెక్కి కూర్చుంది!”

ఉదయ్‌భాస్కర్ తన ఫోనుని టేబుల్ మీద, ఇడ్లీ గిన్నె పక్కన పెట్టి తండ్రి వైపు తిప్పాడు.

ఫోనులో చెల్లెలు ఇంద్రజ. మెయిన్‌రోడ్డులో, తమ షాపుకి సరిగ్గా ఎదురుగా వేసిన టెంటు కింద, సేల్స్ అమ్మాయిల మధ్య పట్టా మీద మఠం వేసుకుని కూర్చుని ఉంది. ఆమె వెనక కట్టిన అట్ట మీద ఎర్ర రంగుతో ‘ఇంద్రజ సిల్క్స్ డౌన్ డౌన్’ అని రాసుంది.

పై అక్షరాల్లో ఉన్న పేరూ, కింద కూర్చున్న మనిషీ ఒకటే. నిన్న సాయంత్రం నుంచి రాజమండ్రి అంతా ఆ వీడియోనే చూస్తోంది.

శివరామకృష్ణ ఫోను వైపు ఒక్కసారే చూశాడు. సగం తిన్న ఇడ్లీ పళ్ళెంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. వడ్డిస్తున్న భార్య మీనాకుమారి గరిటె గిన్నెలో పెట్టేసింది. ఆయన అలా కడుక్కోవడం ఆవిడ మామగారు పోయిన రోజున చూసింది, మళ్ళీ ఇప్పుడు చూస్తోంది.

“ఎవరైనా బలవంతంగా తీసుకెళ్ళి కూర్చోబెట్టారా అమ్మా?” అని ఆయన కూతురి వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

“లేదు నాన్నా. నేనే వెళ్ళాను.”

“కృప రమ్మందా?”

“కృపక్క నన్ను చూసి కంగారుపడింది. ఇంటికెళ్ళిపొమ్మంది. నేనే వినలేదు.” ఇంద్రజ గోడకి ఆనుకుని నిలబడే ఉంది. “పుష్పలతని చూద్దామని ఆసుపత్రికి వెళ్ళాను. తుంటి ఎముక విరిగిందట. పక్కకి తిప్పుతుంటే ఆ పిల్ల అరిచిన అరుపు విన్నాక ఇంటికి రాలేకపోయాను. అట్నుంచి అటే టెంటు దగ్గరికెళ్ళాను.”

పుష్పలత పేరు వినగానే ఉదయ్‌భాస్కర్ మొహం తిప్పుకున్నాడు. రోజూ నిడదవోలు నుంచి రైల్లో వచ్చి, పొద్దున షాపులో అడుగుపెట్టింది మొదలు రాత్రి షట్టరు దించేవరకూ నిలబడే పనిచేసే పిల్ల. నెలసరి నొప్పితో కళ్ళు తిరుగుతున్నా నిచ్చెనెక్కి, పట్టుచీరల దొంతరతో సహా కింద పడింది.

“ఆ రోజు కాసేపు కూర్చుంటానని అడిగిందట, అన్నయ్యా. కెమెరాలో కనబడుతుంది, కూర్చోవద్దని నువ్వు మైకులో చెప్పావట.”

“రూలు నేను కనిపెట్టానా? ఈ వీధిలో ఏ షాపువాడు కూర్చోనిస్తున్నాడో చూపించు!”

“అందుకే కదా వీధి మొత్తం బయటికొచ్చింది!”

వంటింట్లో కుక్కరు కూతపెట్టింది.

ఇంద్రజ చెప్పింది నిజమే. పుష్పలత పడిన మర్నాడు మొదట తమ షాపు అమ్మాయిలే, అందరికన్నా పాత మనిషి కృప ముందు నడవగా, బయటికొచ్చారు. వాళ్ళని చూసి పక్క షాపువాళ్ళు, వాళ్ళని చూసి ఆ పై షాపువాళ్ళు. శ్రావణమాసం, వరలక్ష్మీవ్రతం ముందు వారం. చీరలు కొనడానికి కొవ్వూరు నుంచి, రామచంద్రపురం నుంచి వచ్చిన ఆడవాళ్ళు టెంటు దగ్గర ఆగి ఏంటి విషయమని అడుగుతున్నారు. వారానికో రోజు సెలవు, బాత్రూముకి వెళ్ళడానికి పది నిమిషాలు, కూర్చోడానికి ఒక స్టూలు. మొదటి రెండూ విని ఊరుకున్నా, మూడో మాట వాళ్ళ మనసుకి తగులుతోంది. ‘స్టూలా! స్టూలు కూడా ఇవ్వరా!’ అని షాపుల వైపు వింతగా చూసి వెనక్కి వెళ్ళిపోతున్నారు.

కార్మిక సంఘం సత్తియ్య ఎన్ని ధర్నాలు చేయించాడో గానీ, ఇలా దారినపోయేవాళ్ళు ఆగి మజ్జిగ ప్యాకెట్లు కొనిచ్చి వెళ్ళిన ధర్నా ఎప్పుడూ చూడలేదని అందరితోనూ అంటున్నాడు.

“నేనూ నిలబడే కదమ్మా ఇంతవాణ్ణయ్యాను,” అన్నాడు శివరామకృష్ణ. ఆయన గొంతులో కోపం లేదు, నొచ్చుకోవడం ఉంది. “ఇప్పటికీ గుమ్మంలో నిలబడి వచ్చిన ప్రతి మనిషికీ దణ్ణం పెడతాను. నా మోకాళ్ళ సంగతి మీ అమ్మనడుగు. లక్ష్మీదేవి నడిచి వస్తుంటే మనం కూర్చుని ఉంటామా? అది హింస అని ఎప్పుడూ అనుకోలేదు. మర్యాద అనుకున్నాను.”

“మీ మోకాళ్ళు నొప్పెడితే గల్లా దగ్గర కుర్చీ ఉంది నాన్నా.”

ఆయన తువ్వాలుతో చెయ్యి తుడుచుకున్నాడు.

“కృపని ఇంటికి రమ్మను. షాపుకి కాదు, ఇంటికి. సత్తియ్యని వెంటబెట్టుకు రావద్దను. ఒక్కదాన్నే రమ్మను.”

“నాన్నా! అసోసియేషన్‌లో మనం మాటిచ్చాం. ఏ షాపూ విడిగా మాట్లాడకూడదని,” ఉదయ్‌భాస్కర్ లేచి నిలబడ్డాడు.

“ఇందు పుట్టిన ఏడు షాపు పెట్టాను. ఆ ఏడే కృప పనిలో చేరింది. ఆవిడతో మాట్లాడ్డానికి నాకు అసోసియేషన్ పర్మిషన్ కావాలా?”

*

కృపారాణి వచ్చేసరికి పది దాటింది. గేటు బయటే చెప్పులు విడిచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని హాల్లోకి వచ్చి గోడ వారన నిలబడింది.

“కూర్చో కృపా,” మీనాకుమారి కుర్చీ జరిపింది.

“పర్లేదమ్మగారూ.”

“కూర్చోడానికే కదే ఇంత గొడవ!” అని మీనాకుమారి నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు.

కృపారాణి కుర్చీ వైపు చూసింది, శివరామకృష్ణ వైపు చూసింది. తర్వాతి స్టాపులో దిగిపోయే మనిషి బస్సులో కూర్చున్నట్టు కుర్చీ అంచున కూర్చుంది.

“ఏంటి కృపా ఇది? ఇందుని ఎత్తుకుని షాపంతా తిప్పినదానివి. దాని పేరు పెట్టి డౌన్ డౌన్ అనిపిస్తున్నావా?” శివరామకృష్ణ అడిగాడు.

“షాపు పేరండి అది. నేను మాత్రం ఆ మాట అన్లేదు బాబుగారూ. పిల్లలంటుంటే చెవులు మూసుకుంటున్నాను.”

“సరే. ఒక మాట చెప్తాను విను. ఇవాళ్టి నుంచే మన షాపులో ప్రతి కౌంటరు వెనకా స్టూలు వేయిస్తాను. కస్టమర్లు లేనప్పుడు కూర్చోండి. పుష్పలత వైద్యం నాది. వారం సెలవు సంగతి దసరా అయ్యాక మాట్లాడుకుందాం. చాలా?”

ఇంద్రజ చేతులు రెండూ గుండెల మీదికి వెళ్ళాయి. తండ్రి నోటి నుంచి ఈ మాట ఇంత తొందరగా వస్తుందని ఆమె కల్లో కూడా అనుకోలేదు.

కృపారాణి మొహంలో మాత్రం సంతోషం కనిపించలేదు.

“మన షాపులోనేనాండి?”

“నా షాపు గురించే కదా నేను చెప్పగలను.”

“మిగతా షాపుల పిల్లలో?”

“వాళ్ళకి వాళ్ళ యజమానులున్నారు.”

“బాబుగారూ, తప్పుగా అనుకోకండి.” కృపారాణి చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. “మన షాపు పిల్లలొక్కళ్ళే బయటికొచ్చుంటే సాయంత్రానికల్లా కొత్తవాళ్ళని పెట్టుకునేవారు. వీధి వీధంతా వచ్చింది కాబట్టే మీరివాళ నాకు కుర్చీ వేశారు. ఆ పిల్లల్ని ఎండలో వదిలేసి మేం మాత్రం లోపలికెళ్తే, రేపు మీరు ఆ స్టూలు తీసేసినా మా వెనక ఎవరూ రారండి.”

“అంటే వద్దంటావా?”

“వద్దని ఎలాగంటానండి? ఇంట్లో పొయ్యి వెలగని పిల్లలున్నారు. వాళ్ళని అడక్కుండా వద్దనే హక్కూ నాకు లేదు, ఒప్పుకునే హక్కూ లేదు. సాయంత్రం దాకా టైమివ్వండి. అన్ని షాపులవాళ్ళనీ కూర్చోబెట్టి అడుగుతాను.”

“సాయంత్రం దాకానే,” అన్నాడు శివరామకృష్ణ.

ఆమెని గేటు దాకా సాగనంపడానికి మీనాకుమారి వెళ్ళింది. ఇద్దరూ గేటు దగ్గర నిలబడి మాట్లాడుకోవడం ఇంద్రజకి కిటికీలోంచి కనిపించింది. కృపారాణి ఏదో గట్టిగా బతిమాలుకుంటున్నట్టు చెబుతోంది. మీనాకుమారి ఆమె భుజం మీద చెయ్యి వేసి తల ఊపింది. కృపారాణి ఎక్కిన ఆటో మలుపు తిరిగింది.

లోపల అన్నయ్య గొంతు పెరిగిపోయింది.

“మిగతా షాపులవాళ్ళు మనల్ని వెలేస్తారు. సూరత్ నుంచి సరుకు కలిపి తెచ్చుకుంటున్నాం. రేపు మన లోడు ఆపేస్తే?”

“సాయంత్రానికి చూద్దాంలేరా,” అన్నాడు తండ్రి.

ఆ మాట అన్న తీరు ఇంద్రజకి నచ్చలేదు. ఆయన ‘చూద్దాంలే’ అన్న ఏ పనీ జరిగినట్టు ఆమె ఎరగదు. ఉదయ్‌భాస్కర్ విసురుగా షాపుకి వెళ్ళిపోయాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళింది. తల్లి అప్పుడే గేటు దగ్గర్నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చుంది.

“అమ్మా, నాన్న మాట మీద నిలబడతారంటావా?”

మీనాకుమారి కొంగుతో మొహం తుడుచుకుంది.

“మీ అన్నయ్య వదుల్తాడా? సాయంత్రానికి ఆ అసోసియేషన్ వాళ్ళొచ్చి కూర్చుంటారు. మీ నాన్న మెత్తబడిపోతారు.”

“మరెలా?”

“పదిమందిలో చెప్పేస్తే ఇంక వెనక్కి తీసుకోలేరు. మీ నాన్నకి ప్రాణం కన్నా పరువెక్కువ.” తల్లి కూతురి మొహంలోకి చూసింది. “నువ్వు శుక్రవారం శుక్రవారం చీరలు చూపిస్తావుగా ఫోన్లో. అందులో చెప్పెయ్యి.”

ఇంద్రజ తల్లిని కౌగిలించుకుంది. అమ్మ తన పక్షాన నిలబడటం ఆమెకి కళ్ళనీళ్ళు తెప్పించింది.

అయిదు నిమిషాల్లో ఇంద్రజ లైవ్‌లో ఉంది. వెనక చీరలు లేవు, లైట్లు లేవు. ఆమె గొంతు వణుకుతోంది. ఆ వణుకే వేలమందిని కట్టిపడేసింది.

“మా నాన్నగారు ఒప్పుకున్నారు. ఇవాళ్టి నుంచే మా షాపులో ప్రతి అమ్మాయికీ స్టూలు ఉంటుంది. మా కృపక్క మా ఇంట్లో, మా నాన్నగారికి ఎదురుగా కుర్చీలో కూర్చుని మాట్లాడింది. అక్కలూ, చెల్లెళ్ళూ, మీరు గెలిచారు!”

*

ఓ అరగంట తర్వాత, వాళ్ళ సంతోషం కళ్ళారా చూడాలని ఇంద్రజ స్కూటీ తీసుకుని మెయిన్‌రోడ్డుకి బయల్దేరింది.

దూరం నుంచే చప్పట్లు వినిపించాయి. స్కూటీ పక్కన పెట్టి పరుగెత్తింది. తీరా వెళ్ళి చూస్తే ఆ చప్పట్లు టెంటులోంచి కాదు, షాపు గుమ్మంలోంచి వస్తున్నాయి.

షట్టరు పూర్తిగా ఎత్తి ఉంది. ఉదయ్‌భాస్కర్ ఆమె లైవ్ చూసి, టెంటు ఖాళీ అయితే చాలన్నట్టు, గుమ్మంలో నిలబడి తాపేశ్వరం కాజాల పెట్టె పట్టుకుని ఒక్కొక్క అమ్మాయికీ పంచుతున్నాడు. పక్కన ఫొటోగ్రాఫరు. గల్లా పక్కన కొత్త ప్లాస్టిక్ స్టూళ్ళు ఇంకా ఒకదానిలో ఒకటి దూర్చి పెట్టే ఉన్నాయి. ఇంద్రజ సిల్క్స్ అమ్మాయిలు ఇద్దరిద్దరుగా, ముగ్గురుముగ్గురుగా టెంటులోంచి లేచి, రోడ్డు దాటి, తల వంచుకుని లోపలికి వెళ్తున్నారు.

టెంటు సగం ఖాళీ అయింది.

“ఏంటే, అందరూ కలిసి కదా వెళ్ళాలి?” అని ఇంద్రజ ఒకమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఇంటి నుంచి ఒకటే ఫోన్లు పాపగారూ. గెలిచారటగా, ఇంకా ఆ ఎండలో ఏం చేస్తున్నావని మా అత్త తిడుతోంది. మీరే చెప్పారుగా, గెలిచామని.” ఆ పిల్ల చెయ్యి విడిపించుకుని వెళ్ళిపోయింది.

మిగిలినవాళ్ళు మిగతా షాపుల అమ్మాయిలు. వాళ్ళు అరవడం లేదు. వెళ్ళిపోతున్నవాళ్ళ వీపుల వైపు చూస్తున్నారు, అంతే. సత్తియ్య మైకు ఒళ్ళో పెట్టుకుని పట్టా మీద కూర్చుని ఉన్నాడు.

“ఒక్కదానివే వెళ్ళకమ్మా, ఇద్దర్ని తోడు తీసుకెళ్ళు అని కృపకి చెప్పాను,” అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు. “బాబుగారు ఒక్కదాన్నే రమ్మన్నారు, పాత మనిషి, కాదనలేనంది.”

అప్పుడు ఆటో వచ్చి ఆగింది. కోటిపల్లి బస్టాండ్ దగ్గర బస్సులు అడ్డం పడి ఇంతసేపూ ఇరుక్కుపోయిన కృపారాణి దిగింది. సగం ఖాళీ టెంటుని, కాజాల పెట్టెని, ఇంద్రజని చూసింది. ఏం జరిగిందో ఆమెకి అర్థం కాలేదు.

“మన పిల్లలేరి?”

“మీ పిల్లలు లోపలున్నారు,” అంది మాణిక్యాంబ. పక్క షాపులో సీనియర్ సేల్స్ మనిషి. కృపారాణితో కలిసి ఏళ్ళ తరబడి ఒకే క్యారేజీలో అన్నం తిన్న మనిషి. “కుర్చీ వేశారటగా నీకు?”

“ఎవరు చెప్పారు?”

“ఊరంతా చెప్పుకుంటోంది. బాబుగారికి ఎదురుగా కూర్చుని మాట్లాడుకున్నావట. మీ షాపు సంగతి నువ్వు చూసుకున్నావు. మమ్మల్ని ఎండబెట్టావు!”

“మాణిక్యం, నేను ఒప్పుకోలేదు. అడిగి చెప్తానని వచ్చాను. ఒట్టు!”

“ఒప్పుకోకుండానే స్టూళ్ళొచ్చాయా?”

వెనక నుంచి ఎవరో చిన్నపిల్ల, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు, ఏడుపు గొంతుతో అరిచింది. “కృపారాణి డౌన్ డౌన్!”

ఒక్క క్షణం ఎవరూ అందుకోలేదు. తర్వాత ఇంకో గొంతు కలిసింది. తర్వాత అన్నీ కలిశాయి. పొద్దుటి వరకూ యజమానుల మీదికి లేచిన గొంతులే, అదే వరసలో, అదే ఊపులో, ఆమె మీదికి లేచాయి.

కృపారాణి చెవులు మూసుకోలేదు. చేతులు రెండూ పక్కలకి వేలాడేసి వింటూ నిలబడింది.

“ఆగండి! కృపక్క ఒప్పుకోలేదు! నేనే తొందరపడి...” ఇంద్రజ మైకు కోసం చెయ్యి చాచింది.

మాణిక్యాంబ ఆ చేతికి అడ్డం వచ్చింది. “నువ్వు చెప్పింది చాల్లేమ్మా.”

ఇంద్రజ కృపారాణి వైపు తిరిగింది. “అక్కా, నాన్న మాట తప్పుతారేమోనని... అందుకని...”

“మీ నాన్నగారి మాటకి కాపలా కాశావు పాపా,” అంది కృపారాణి. కళ్ళలో నీళ్ళు లేవు. “మరి నా మాటో?”

*

“అమ్మా, గేటు దగ్గర కృపక్క నీతో ఏం చెప్పింది?”

ఇంటికి వచ్చీ రాగానే ఇంద్రజ అడిగిన మాట అదే. దారి పొడవునా ఆ కిటికీ, ఆ గేటు, తల్లి తల ఊపడం ఆమె కళ్ళముందే ఉన్నాయి.

హాల్లో శివరామకృష్ణ సోఫాలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఫోను ఆగకుండా మోగుతోంది. మిగతా షాపుల యజమానులు. ఆయన ఎత్తడం లేదు.

మీనాకుమారి కూతురికి మంచినీళ్ళు తెచ్చింది. ఇంద్రజ గ్లాసు తీసుకోలేదు.

“ఏం చెప్పిందమ్మా?”

“ముందు నీళ్ళు తాగు.”

“అమ్మా!”

మీనాకుమారి గ్లాసు బల్ల మీద పెట్టింది.

“ఈ మాట నేనే వాళ్ళకి చెప్పాలి అమ్మగారూ అంది. ముందే బయటికెళ్తే నన్ను అనుమానిస్తారు, అందరం విడిపోతాం, ఎవర్నీ చెప్పనివ్వకండి అని నా చేతులు పట్టుకుంది.”

“మరి నువ్వు నన్ను లైవ్‌లో చెప్పమన్నావు.”

“అన్నాను.”

“మర్చిపోయి అన్నావా?”

అవునని చెప్పమని కూతురి కళ్ళు ప్రాధేయపడుతున్నాయి. మీనాకుమారి ఆ కళ్ళలోకే చూస్తూ తల అడ్డంగా ఊపింది.

“గుర్తుండే అన్నాను. విడిపోతాం అని కృప అనేదాకా నాకు తెలీదు, ఏం చేస్తే విడిపోతారో.”

శివరామకృష్ణ లేచి నిలబడ్డాడు. ఇంట్లో పప్పులో ఉప్పు సంగతి తప్ప ఏనాడూ ఒక నిర్ణయం తనకి తానుగా తీసుకోని మనిషి మీనాకుమారి. షాపుల వాళ్ళందరూ అసోసియేషన్ పెట్టుకుని చెయ్యలేని పనిని వంటింట్లో పీట మీద కూర్చుని చేసింది.

“సాయంత్రం దాకా అని మాటిచ్చాను మీనా. నా ఇంట్లో, నా ఎదురుగా కూర్చోబెట్టి మాటిచ్చాను!”

“మీరు మాటిచ్చారు. నేనివ్వలేదు.”

“ఎందుకు చేశావమ్మా? మనకేం తక్కువైంది?” అంది ఇంద్రజ.

“మనకేం తక్కువని నేను చెయ్యలేదే.” మీనాకుమారి గొంతు మొదటిసారి పెరిగింది. “మీ అన్నయ్య తర్వాత ఇద్దరు పోయాక పుట్టావు నువ్వు. నీ పేరు తలుచుకుంటేనే దణ్ణం పెట్టుకునేదాన్ని. ఆ పేరు పట్టుకుని నడిరోడ్డు మీద నాశనం, నాశనం అంటుంటే... ఎవరి ఫోను చూసినా అదే. కూరలవాడి ఫోన్లో అదే. నిన్న నువ్వే వెళ్ళి ఆ అట్ట కింద కూర్చున్నావు. నాకింక వేరే ఏదీ కనిపించలేదు. స్టూళ్ళు కనిపించలేదు, పుష్పలత కనిపించలేదు. ఆ అరుపు ఆగాలి, అంతే.”

“ఆగింది,” అంది ఇంద్రజ. “ఇప్పుడు కృపక్క పేరు అరుస్తున్నారు.”

అది మీనాకుమారి ఊహించలేదని ఆ మొహమే చెబుతోంది. మెల్లగా సోఫా చెయ్యి పట్టుకుని నేల మీద కూలబడింది.

“కృప పేరా? కృపనెందుకు?”

ఫోను మోగి, ఆగి, మళ్ళీ మోగింది.

*

ఎండ ఇంకా తగ్గలేదు. గేటు ముందు ఆటో ఆగింది. ముందు మాణిక్యాంబ దిగింది, వెనక కృపారాణి. ఈసారి కృపారాణి చెప్పులు గేటు బయట విడవలేదు. వరండా మెట్ల దాకా వచ్చి ఆగింది.

“పాపా, నీతో పని పడింది. ఒకసారి వస్తావా?”

ఇంద్రజ బయటికి పరుగెత్తింది. “ఎక్కడికక్కా?”

“టెంటు దగ్గరికి. ఇవాళ ఈ ఇంట్లో ఏం జరిగిందో, నేను ఏమన్నానో, ఏమన్లేదో అందరిముందూ చెప్పాలి. నా పరువు కోసం కాదు. ఆ పిల్లలు రేపు పొద్దున్నే ఎవరి షాపులోకి వాళ్ళు వెళ్ళిపోతామంటున్నారు. స్టూలూ వద్దు, ఏమీ వద్దు, ఇంకెవర్నీ నమ్మం అంటున్నారు.”

“వస్తాను. ఇప్పుడే వస్తాను.”

“ఉత్తినే వచ్చి ఏడిస్తే కాదమ్మా,” అంది మాణిక్యాంబ. “అడిగి చెప్తానని ఈవిడ చెప్పి వెళ్ళాక, నువ్వు గెలిచారని ఎందుకు చెప్పావు? ఎవరు చెప్పమన్నారు? మీ నాన్నగారా, మీ అన్నయ్యా? అది చెప్తేనే మావాళ్ళు వింటారు. లేకపోతే ఇది కూడా మీ ఇంటి నాటకమే అంటారు.”

ఇంద్రజ అడుగు అక్కడే ఆగిపోయింది.

వెనక గుమ్మంలో శివరామకృష్ణ గొంతు వినిపించింది. బెదిరింపు లేదు అందులో, భయం ఉంది.

“చెప్తావా అమ్మా? మైకులో, మెయిన్‌రోడ్డు మీద... మీ అమ్మ పేరు చెప్తావా?”

మాణిక్యాంబ కనుబొమలు ముడిపడ్డాయి. కృపారాణి మాత్రం ఒక్క క్షణంలో అర్థం చేసుకుంది. గేటు వైపు చూసింది. పొద్దున తను పట్టుకున్న చేతులు గుర్తొచ్చినట్టుగా తన అరచేతులు చూసుకుంది.

“అమ్మగారా?” అంది. “పాపా... అమ్మగారా?”

ఇంద్రజ గుమ్మం వైపు తిరిగింది. చెబితే తల్లి వీధిన పడుతుంది. చెప్పకపోతే ఆ టెంటు కింద మిగిలిన ఆ కాస్తమందీ చెదిరిపోతారు.

అప్పుడు మీనాకుమారి బయటికి వచ్చింది. ఆవిడ భర్త వైపు చూడలేదు. మొహం కడుక్కుని బొట్టు పెట్టుకుని ఉంది. కట్టుకున్న ఇంటిచీరతోనే మెట్లు దిగి, చెప్పుల కోసం కాళ్ళతో వెతుక్కుని తొడుక్కుంది.

“దాన్నేమీ అడక్కండి. నేనొస్తున్నాను.”

“మీనా!”

పెళ్ళయిన నాటి నుంచీ ఆయన ఆ పేరు పిలిస్తే ఆవిడ ఆగకపోవడమన్నది లేదు. ఇవాళ ఆగలేదు. గేటు దాటి వెళ్ళి ఆటోలో కూర్చుంది. మాణిక్యాంబ ఏం చెయ్యాలో తోచక అటూ ఇటూ చూసి ఎక్కింది. కృపారాణి చివర ఎక్కింది, మీనాకుమారికి తగలకుండా ఒదిగి.

“అక్కడ ఏం చెప్తారమ్మగారూ?”

మీనాకుమారి ఎదురుగా రోడ్డు వైపే చూస్తోంది. కృపారాణి ఆ మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళలో ఆ మొహంలో తనకి తెలియనిది ఏదీ లేదనుకుంది. ఇప్పుడు ఏమీ తెలియడం లేదు. తప్పు ఒప్పుకోడానికి వస్తోందో, కూతుర్ని తప్పించడానికి వస్తోందో, మిగిలిన ఆ కాస్త టెంటునీ కూల్చడానికే వస్తోందో.

ఇంద్రజ స్కూటీ తాళం కోసం లోపలికి పరుగెత్తింది. ఆటో కదిలింది.

“మైకు నోటికి దగ్గరగా పెట్టుకోవాలా కృపా,” అని అడిగింది మీనాకుమారి, “దూరంగానా?”